పాకశాల – పుస్తకశాల

మన భాషలో వంటకూ కవిత్వానికీ ఉన్న చుట్టరికం చాల పాతది. రుచి అనే మాట నాలుకకూ చెల్లుతుంది, మనస్సుకూ చెల్లుతుంది. రసం విస్తరిలోనూ ఉన్నది, అలంకారశాస్త్రంలోనూ ఉన్నది. పాకం సంగతి చెప్పనే అక్కరలేదు. బెల్లపు పాకాన్ని రెండు వేళ్ళమధ్య సాగదీసి చూచే ఇల్లాలికి తెలిసిన మాటనే తీసుకొని, మన ఆలంకారికులు ద్రాక్షాపాకమనీ, కదళీపాకమనీ, నారికేళపాకమనీ కావ్యాలకు తరగతులు ఏర్పరచారు. రసమంటే ఏమిటో వివరించవలసి వచ్చినప్పుడు భరతముని అంతటివానికి కూడా వంటయింటి ఉపమానమే తోచింది. నానావిధాలైన వ్యంజనాలు, ఓషధులు, ద్రవ్యాలు కలిసినప్పుడు భోజనంలో రసం పుట్టినట్లే, నానాభావాలు కలిసినప్పుడు నాట్యంలో రసం పుడుతున్నదని ఆయన నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో చెప్పాడు. తిని ఆనందించగలవాడే చూచి ఆనందించగలవాడని ఆయన భావం కాబోలు.

ఈ చుట్టరికాన్ని ఇప్పుడు జ్ఞాపకం చేసుకోవడానికి ఒక కారణమున్నది. వండుకొని తినడం, చదువుకొని ఆనందించడం అనే రెండు సుఖాలూ మన ఇండ్లలో ఒకే విధమైన మార్పుకు లోనవుతున్నవి. వండేవారి సంఖ్య కంటె వంటను చూచేవారి సంఖ్య ఎక్కువవుతున్నది. చదివేవారి సంఖ్య కంటె చదివినవారు చెప్పగా వినేవారి సంఖ్య ఎక్కువవుతున్నది. ఇందులో పోయేదేమిటి, మిగిలేదేమిటి అన్నది కొంచెం తీరికగా ఆలోచించవలసిన విషయం. ఆదివారం మధ్యాహ్నం భోజనానంతరం ఇంతకంటె తగిన ప్రసంగం మరొకటి ఉంటుందనుకోను.

కవుల విస్తళ్ళు

నలభీమపాకమని మనం అలవోకగా అంటూ ఉంటాము. అందులోని నలుని కథ ఎంత సుకుమారమైనదో ఒకసారి తలచుకొనండి. కర్కోటకుని కాటుచేత నలుని రూపం మారిపోయింది. బాహుకుడనే పేరుతో అతడు ఋతుపర్ణుని వద్ద కొలువు చేస్తున్నాడు. అతణ్ణి గుర్తుపట్టడానికి దమయంతికి కన్నులు సాయపడలేదు. అతడు వండిన మాంసాన్ని తెప్పించుకొని, రుచి చూచి, ఇతడే నా భర్త అని నిశ్చయించుకొన్నది. మనుష్యుని చేవ్రాలు ఎట్లాంటిదో చేతివంట అట్లాంటిదని ఈ కథ చెబుతున్నది. ముఖం మారవచ్చును, పేరు మారవచ్చును, చేతిరుచి మాత్రం మారదు.

ఇక భీముడు మాకు ఇరుగుపొరుగువాడే. విరాటుని కొలువులో వలలుడై గరిటె పట్టకముందు, ఏకచక్రపురంలో బకాసురునికి పంపిన బండెడన్నాన్ని తానే ఆరగించి, ఆ తరువాత ఆ రాక్షసుణ్ణి కూల్చిన భీముని కథ అందరికీ తెలిసినదే. ఆ ఏకచక్రపురమే మా బోధన్ అని ఈ ప్రాంతపు ఐతిహ్యం. ఐతిహ్యానికి శాసనాధారం అడుగరాదు. తిండిపోతు రాక్షసునికీ తిండిపుష్టి గల వీరునికీ జరిగిన కలహాన్ని తమ ఊరిలోనే జరిగినట్లు చెప్పుకోవడంలో ఈ జనానికి అన్నంమీద ఉన్న మమకారం కనిపిస్తున్నది. ఆ బోధన్ తరువాతి కాలంలో మరొక రుచికి పేరుపొందింది. 1937లో అక్కడ నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం శక్కర్‌నగర్ అనే పేరునే ఒక పేటకు సంపాదించి పెట్టింది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ ఆడే ఋతువులో ఆ దారిన పోయేవారి ముక్కుకు సోకే తీపివాసన ఇప్పుడు పెద్దల మాటలలో మాత్రమే మిగిలి ఉన్నది.

విద్యార్థులకు పోతనగారి దశమస్కంధం చెప్పేటప్పుడు, గోపబాలకులు యమునాతీరాన చల్దులు ఆరగించే ఘట్టం వస్తుంది. బాలకృష్ణుడు ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన ముద్ద పట్టుకొని, వ్రేళ్ళ సందులలో ఊరగాయలు ఇరికించుకొని, తోటివారితో పరిహాసాలాడుతూ తినే ఆ చిత్రం తెలుగు సాహిత్యంలోని భోజనచిత్రాలన్నింటిలో అందమైనదని నా నమ్మకం. చల్ది అంటే ఏమిటని తరగతిలో అడిగితే చాలమంది మౌనంగా ఊరకుంటారు. అప్పుడు, మీ నాయనమ్మ పొలానికి మూటగట్టుకొనిపోయే సద్ది సంగతి చెప్పండి అంటే, వెంటనే ముఖాలు వికసిస్తాయి. పోతన చల్ది, మన సద్ది ఒకటేనని తెలిసిన క్షణంలో ఆ పద్యం వారి ఇంటిది అయిపోతున్నది. బతుకమ్మ పండుగ చివరినాడు పెరుగుసద్ది, నువ్వులసద్ది, కొబ్బరిసద్ది చేసి చెరువుగట్టున పంచుకొనే ఆడపడుచులకు, తాము సద్దుల బతుకమ్మ అనే పేరులో భాగవతపు మాటనే నిలుపుకొన్నామని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత మాబోటి ఉపాధ్యాయులది.

ఆముక్తమాల్యదలోనూ ఇదే వింత. విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన భాగవతులకు ఋతువుననుసరించి భోజనం పెట్టే పద్ధతిని శ్రీకృష్ణదేవరాయలు వర్ణించాడు. వానకాలంలో పప్పు, కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకుపాలు, నీరుచల్ల. చలికాలంలో మిరియపు ఘాటుతో పొగలు కక్కే కూరలు, ఆవపెట్టిన పచ్చళ్ళు, వేడిపాలు. సామ్రాజ్యాన్ని ఏలిన ప్రభువు అంబలిని కావ్యంలో చెప్పడానికి సిగ్గుపడలేదు. వరుగు, అంబలి, సల్ల అనే మాటలను మోటువని తలచి మానుకొంటున్న మన యువకులు ఈ సంగతి గమనింపదగినది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలకంటె జనుల తిండి, బట్ట, ఆటలు, ఆచారాలు ముఖ్యమని భావించి, ఇట్లాంటి పద్యాలనే ఆధారం చేసికొన్నారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం ఆ గ్రంథానికే దక్కింది. మన పూర్వుల వంటయిండ్లు ఈనాడు మనకు కనిపిస్తున్నవంటే అది కవులు తిన్నదానిని వ్రాసినందువల్ల, వ్రాసినదానిని ఒక పెద్దమనిషి శ్రద్ధగా చదివినందువల్ల.

చేతి కొలత

నిజామాబాదు నుండి జగిత్యాలకు పోయే రహదారిమీద ఉన్నది మా మోర్తాడ్. చుట్టూ పసుపు, మక్క, వరి, ఎర్రజొన్న చేలు. పసుపు త్రవ్వి ఉడుకబెట్టే దినాలలో ఊరంతా ఒక పచ్చని వాసన అలముకొంటుంది. ఆ కొమ్ములు ఎండి, మెరుగుపెట్టబడి, నిజామాబాదు మార్కెట్టుకు చేరి, అక్కడినుండి ఎక్కడెక్కడి పోపులలోకో పోతున్నవి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా ఏర్పడటానికి ఈ నేల మహిమయే కారణం. ఎర్రజొన్న కథ మరొకటి. దీనిని ఇక్కడి రైతులు విత్తనానికై పండిస్తారు. వ్యాపారులు కొని ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసపు విత్తనంగా పంపుతారు. కన్నుపండువుగా జొన్నచేలు కనిపిస్తున్నా, ఆ జొన్న మా పెంకమీదికి రాదు. రొట్టెకు కావలసిన జొన్నలను అంగడిలో వేరుగా కొనుక్కోవలసిందే.

జొన్న కూడును శ్రీనాథుడు ఈసడించాడని చెప్పే చాటువులు లోకంలో ప్రచారంలో ఉన్నవి. పల్నాటి జొన్నకూడు ఆ మహాకవికి ఎట్లా ఉండెనో గాని, ఇందూరు సీమలో జొన్నరొట్టెను చేయగల చేతిని చూచి ఉంటే ఆయన మరొక సీసం చెప్పేవాడేమో. గోధుమపిండికి ఉన్న జిగి జొన్నపిండికి లేదు. దానిని కర్రతో సాగదీస్తే పగులుతుంది. అందుచేత మరిగిన నీళ్ళుపోసి, వేడిగా ఉండగానే మదించి, ముద్దను అరచేతితో చరుస్తూ, తిప్పుతూ, చంద్రబింబంవలె వెడల్పు చేయాలి. పెంకమీద వేసిన తరువాత పైభాగాన్ని తడిగుడ్డతో అద్దాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగవేయాలి. క్షణం ముందైతే అంటుకొంటుంది, క్షణం ఆలస్యమైతే పెచ్చులుగట్టుతుంది. చక్కగా పొంగిన రొట్టెతో పుంటికూర పప్పో, పచ్చిపులుసో, వెల్లుల్లికారమో ఉంటే, షడ్రసోపేతమైన విందును గూర్చి మనస్సు తహతహలాడదు.

ఇంత నేర్పు ఎక్కడ వ్రాసి ఉన్నది? ఎక్కడా లేదు. పిండికి ఎన్ని నీళ్ళు పోయాలని ఒకసారి మా పొరుగింటి పెద్దమ్మను అడిగాను. “పిండి అడుగుతది బిడ్డా, చెయ్యి పోస్తది” అన్నది ఆమె. పిడికెడు, చారెడు, దోసెడు, చిటికెడు అనే మన కొలతలన్నీ చేతి పేర్లే. ఎవరి చేయి వారిది కాబట్టి, తల్లి చారెడు కూతురి చారెడు కాదు. అయినా రుచి మాత్రం తల్లినుండి కూతురికి చెదరకుండా వచ్చింది. పక్కన కూర్చుండి ఏండ్లతరబడి చూడటం, పాడుచేయడం, తిట్లుతినడం, మళ్ళీ చేయడం అనే పాఠశాలలో ఆ విద్య నడిచింది.

ఆ పాఠశాలలో మగపిల్లలకు ప్రవేశం ఉండేది కాదు. కాని కాలం వారికి మరొక పాఠశాలను చూపింది. మోర్తాడ్, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలనుండి 1970ల తరువాత వేలమంది దుబాయి, మస్కటు, బహ్రెయిను, కువైటులకు పని వెతుక్కొంటూ పోయారు. ఇంటిలో మంచినీళ్ళ చెంబు కూడా తమంత తాము ముంచుకొనని కుమారరత్నాలు ఆ ఎడారి శిబిరాలలో, ఒక గదిలో పదిమందిగా ఉంటూ, వంతులు వేసుకొని వండుకోవడం నేర్చుకొన్నారు. పూర్వం ఆ దేశాలనుండి వచ్చే ఉత్తరాలను, చదువురాని తల్లులు చదువుకొన్న పిల్లలచేత మూడుసార్లు నాలుగుసార్లు చదివించుకొని వినేవారు. ఆ ఉత్తరాలలో కంటితడి పెట్టించే వాక్యం తరచుగా అన్నాన్ని గూర్చినదే అయి ఉండేది. ఇప్పుడు ఉత్తరాలు లేవు. సెల్‌ఫోనులో తల్లి ముఖం కనిపిస్తుంది. ఆమె ఇక్కడ గిన్నెలోకి తొంగిచూచి, పులుసు చిక్కబడింది, కొంచెం నీళ్ళు పొయ్యి అని చెబుతుంది. కొడుకు అక్కడ పోస్తాడు. వంటను తెరమీద చూపడం అనే విద్యలో ఇంతకంటె పవిత్రమైన ప్రయోగం నాకు తెలియదు.

అచ్చులోకి వచ్చిన వంట

తల్లి పక్కన లేనివారికి తల్లి స్థానాన్ని మొదట పుస్తకం ఆక్రమించింది. ఉద్యోగాల నిమిత్తం మద్రాసుకో, హైదరాబాదుకో, బొంబాయికో కాపురం పోయిన కొత్త ఇల్లాండ్రకు, అత్తగారూ అమ్మా ఇద్దరూ దూరమైనప్పుడు, మాలతీ చందూర్ గారి వంటలు – పిండివంటలు అనే పుస్తకం దిక్కయింది. ఎన్నో ముద్రణలు పొందిన ఆ పుస్తకాన్ని పెండ్లికూతురి పెట్టెలో పెట్టి పంపిన తల్లులు ఉన్నారు. పిడికెళ్ళను గ్లాసులుగా, చెంచాలుగా మార్చి, చేతికి తెలిసినదానిని వాక్యానికి తెలిసేటట్లు చేయడం సామాన్యమైన పని కాదు. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమం, అనవసరమైన మాట లేకపోవడం, చదువరి తెలివిమీద నమ్మకం – మంచి వచనానికి ఉండవలసిన లక్షణాలన్నీ మంచి వంటపుస్తకానికి ఉండవలసినవే.

ఆమెను గూర్చి మరొక సంగతి ఇక్కడ ముఖ్యం. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాలపాటు నిర్వహించిన ఆ రచయిత్రియే, స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు అనే శీర్షికన ప్రపంచ నవలలను తెలుగువారికి పరిచయం చేసింది. ఆమె నవల హృదయనేత్రికి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2013లో ఆమె కన్నుమూసింది. గుత్తివంకాయ చేసే విధానాన్నీ, ఆంగ్ల, రష్యను నవలల సారాన్నీ ఒకే చేయి, ఒకే శ్రద్ధతో, ఒకే పాఠకురాలికోసం వ్రాసింది. పొయ్యిమీద పప్పు ఉడికేలోపల నాలుగు పుటలు చదువుకొనే ఇల్లాలు ఒకతె ఉన్నదని ఆమెకు తెలుసు. ఆ ఇల్లాలి నాలుకనూ మనస్సునూ వేరుచేసి చూడలేదు గనుకనే ఆమె రచనలు అన్ని ఇండ్లలో చోటు చేసుకొన్నవి.

తెరమీది వంట

వంట తెరకెక్కడం కూడా పుస్తకంద్వారానే జరిగిందంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చును. అమెరికాలో జూలియా చైల్డ్ అనే ఆమె మరి ఇద్దరితో కలిసి ఫ్రెంచి వంటలమీద ఒక పెద్ద గ్రంథాన్ని 1961లో ప్రకటించింది. దానిని గూర్చి మాట్లాడటానికి ఆమెను బోస్టను నగరపు టెలివిజనులో ఒక పుస్తక సమీక్షా కార్యక్రమానికి పిలిచారు. ఆమె ఒక చిన్న పొయ్యిని వెంట తీసుకొనిపోయి, పుస్తకాన్ని గూర్చి మాట్లాడుతూనే అక్కడ కోడిగుడ్డు అట్టు వేసి చూపింది. చూచినవారు మళ్ళీ ఆమెను పిలువుమని ఉత్తరాలు వ్రాశారు. 1963లో ఆమె వంటల కార్యక్రమం మొదలయింది. మన దేశంలో 1993లో సంజీవ్ కపూర్ గారి ఖానా ఖజానా హిందీలో మొదలై ఇంటింటా ప్రసిద్ధికెక్కింది. తెలుగులో, 2015 నాటికి ఈటీవీవారు అభిరుచి అనే పేరుతో వంటలకే ఒక ప్రత్యేక వాహినిని నెలకొల్పేవరకు వచ్చింది.

ఈ కార్యక్రమాలను తేలికగా తీసివేయడం న్యాయం కాదు. పుస్తకం చెప్పలేనిది తెర చూపగలదు. పాకం తీగెసాగడం, పిండి పొంగడం, పోపు వేగినప్పటి రంగు – వీటిని నూరు మాటలలో చెప్పినా ఒక్క చూపుతో సరికాదు. అంతేగాక తెర కొందరు అజ్ఞాతులకు పెద్దరికం కలిగించింది. తెనాలి సమీపంలోని గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ అనే వృద్ధురాలు, నూరేండ్లు దాటిన వయస్సని చెప్పబడే దశలో, 2016 నుండి యూట్యూబులో కనబడి, చేలగట్టున కట్టెల పొయ్యిమీద వండి చూపింది. గోళ్ళతో అల్లం పొట్టు తీసే ఆమె చేతులను, పుచ్చకాయ డొప్పలో కోడిమాంసం వండిన ఆమె చమత్కారాన్ని దేశదేశాలవారు చూచారు. 2018లో ఆమె మరణించినప్పుడు విదేశీ పత్రికలు సైతం ఆ వార్తను ప్రకటించినవి. అక్షరం రాని చేతికి అంతటి కీర్తిని ఏ పుస్తకమూ ఇచ్చి ఉండేది కాదు.

అయితే తెరకు రెండు లోపాలున్నవి. వాసన లేకపోవడం మొదటిది, దానిని సహింపవచ్చును. రెండవది గంభీరమైనది. అది మనకు చేసినంత తృప్తిని చేయకుండానే కలిగిస్తుంది. గంటసేపు పది వంటలు చూచి, లేచి, అంగడినుండి తెప్పించుకొన్నదానిని తిని పండుకొనేవారు మన ఇండ్లలో అంతకంతకు ఎక్కువవుతున్నారు. చూచిన వంట కడుపు నింపదు సరిగదా, చేతికి కూడా ఏమీ నేర్పదు. జొన్నరొట్టెను నూరుసార్లు చూచినవాడు మొదటిసారి చేసినప్పుడు అది పగులకమానదు. పగిలిన ఆ మొదటి రొట్టెలోనే విద్య ప్రారంభమవుతుంది.

చదువు విషయంలోనూ సరిగా ఇదే జరుగుతున్నది. ఒక నవల కథను పది నిమిషాలలో చెప్పే దృశ్యాలు సెల్‌ఫోనులో దొరుకుతున్నవి. పద్యానికి భావం, భావానికి సారాంశం, సారాంశానికి రెండు మార్కుల ప్రశ్న – ఈ విధంగా ఉడికించి, నమిలి, నోటిలో పెట్టే గైడులు పూర్వంనుండీ ఉన్నవే. విద్యార్థికి కథ తెలుస్తుంది, పరీక్ష గడుస్తుంది. కాని దమయంతి ఆ ముద్దను నోటపెట్టుకొన్నప్పుడు చదువరి గొంతులో పడే ముడి సారాంశంలో లేదు. అది వాక్యంవెంట నడిచినవానికే దొరుకుతుంది. కథ తెలియడం వేరు, కథలో ఉండటం వేరు. వంటకం పేరు తెలియడానికీ కడుపునిండా తినడానికీ ఉన్నంత భేదం ఈ రెంటికీ ఉన్నది.

పరీక్షకొరకు చదివే చదువును నేను నిందించడం లేదు. దానివల్లనే మా పల్లెల పిల్లలు ఉద్యోగాలు సంపాదించుకొని నిలదొక్కుకొంటున్నారు. కాని పథ్యపు కూడు మాత్రమే తిన్న పిల్లవానికి ఆకలి ఎట్లా చచ్చిపోతుందో, ప్రశ్నలకొరకు మాత్రమే చదివిన పిల్లవానికి చదువుమీది ఆకలి అట్లాగే చచ్చిపోతుంది. పట్టా చేతికి వచ్చిన మరునాటినుండి పుస్తకం ముట్టని పట్టభద్రులు ఎంతమంది లేరు?

ఖాళీగా ఉన్న చెవులు

ఇక్కడ మా ప్రాంతపు మరొక దృశ్యాన్ని మనవి చేయాలి. మోర్తాడ్ వాడలలో మధ్యాహ్నం నడిచిపోతే, ప్రతి అరుగుమీదా చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చేసే స్త్రీలు కనిపిస్తారు. నానిన తునికాకును రేకు కొలతకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, మొనలు మడవడం, దారం కట్టడం. వేయి బీడీలు చేస్తే ఇంత అని కూలి. వేళ్ళు యంత్రాలవలె కదులుతూ ఉంటవి. చూపును చాలవరకు చేటమీదనే నిలుపవలసి ఉంటుంది. చెవులు మాత్రం ఖాళీ. లోపలి గదిలోని టెలివిజనును గట్టిగా పెట్టి, ధారావాహికలూ వంటల కార్యక్రమాలూ వింటూ వారు పనిచేస్తూ ఉంటారు. వంటల కార్యక్రమాన్ని వినడమేమిటని నవ్వవచ్చును. వినే వారు లోపలి తెరను తలయెత్తి చూచే తీరిక లేనివారు. గరిటె చప్పుడునుబట్టి, మాటనుబట్టి వంటను ఊహించుకొంటారు. ఊహించుకోవడం వచ్చినవారికి కథ చెప్పడం ఏమంత కష్టం?

ప్రపంచానికి ఆవలి కొసన క్యూబాదేశంలో, ఇదే పొగాకు పనిలో, ఒక ఘనమైన సంప్రదాయం ఉన్నది. 1865లో హవానా నగరపు చుట్టల కర్మాగారాలలో చదువరి అనే ఒక ఉద్యోగం ఏర్పడింది. వందలమంది కార్మికులు వరుసలుగా కూర్చుండి చుట్టలు చుడుతూ ఉంటే, ఎత్తైన పీఠంమీద ఒకడు కూర్చుండి వార్తాపత్రికలూ నవలలూ బిగ్గరగా చదివేవాడు. అతనికి జీతం యజమాని ఇచ్చేవాడు కాదు. కార్మికులే తమ కూలిలోనుండి తలా కొంత వేసుకొని ఇచ్చేవారు. ఏ పుస్తకం చదువాలో వారే నిర్ణయించేవారు. విక్టర్ హ్యూగో, అలెగ్జాండర్ డ్యూమా అక్కడ ఆరాధ్యులు. ఆనాటి ప్రభుత్వం దీనికి భయపడి మరుసటి సంవత్సరమే నిషేధించింది. నిషేధం పోయింది, చదువు మిగిలింది. 1935లో మొదలైన ఒక ప్రసిద్ధమైన చుట్టకు మాంటెక్రిస్టో అని డ్యూమా నవల పేరు పెట్టడం ఆ శ్రోతల అభిమానానికి గుర్తుగా చెబుతారు. కూలికై పనిచేసే చేతులు, ఏ పరీక్షా లేకుండా, ఏ లాభమూ ఆశించకుండా, కేవలం సుఖంకొరకు తమ సొమ్ముతో సాహిత్యాన్ని కొనుక్కొన్నవి.

ఇది మనకు పరాయిదేమీ కాదు. గుడి మండపంలో ఒకరు భారతమో భాగవతమో చదువగా, చదువురాని ఊరంతా కూర్చుండి విన్న పురాణకాలక్షేపం మనదే. రాత్రి తెల్లవార్లు చిందు భాగవతాన్ని కన్నులార్పక చూచినవారు మన తాతలే. విని ఆనందించిన జాతికి చదువు అబ్బిన తరువాత వినికిడి తగ్గింది, చదువు పెరుగలేదు. రెంటికీ చెడిన వైనం ఇది.

వంటయింటినుండి పుస్తకంలోకి దారి ఎంత దగ్గరో నిరూపించినవాడు మన తెలంగాణములోనే ఒకాయన ఉన్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నతనంలో తండ్రిని కోల్పోయి, ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేసిపెడుతూ చదువు నేర్చుకొన్నాడు. హోటలులో సర్వరుగా పనిచేశాడు. బడిలో క్రమంగా చదువుకొనే భాగ్యం లేని ఆ మనిషి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు ప్రచురించి, వాటిని తానే సంచిలో మోసికొనిపోయి ఊరూరా అమ్మాడు. 1948లో నిజామాబాదు జైలులో దాశరథితోపాటు ఖైదీగా ఉన్నది కూడా ఆయనే. దాశరథి బొగ్గుతో గోడమీద పద్యం వ్రాసిన జైలు అదే. ప్రజల మనిషి నవలను మనకిచ్చి 1961లో ఆయన వెళ్ళిపోయాడు. ఒకరికి అన్నం వండిపెట్టిన చేయి, ఆ తరువాత ఒక జాతికి పుస్తకం వడ్డించింది. ఆయనకు చదువు జీవనోపాధికొరకు అబ్బలేదు. ఆకలివంటి ఇష్టంచేత అబ్బింది.

కాబట్టి నా మనవి చిన్నది. మన ఇండ్లలో కళాశాలకు పోయే ఆడపిల్లలూ మగపిల్లలూ ఉన్నారు. వారు ఇంటిపన్నుతో మనం కట్టే గ్రంథాలయపు పన్నుమీద నడిచే గ్రంథాలయాలనుండి ఒక కథల పుస్తకం తెచ్చి, సాయంకాలం ఒక అరగంట, బీడీల చేట దగ్గరనో కూరగాయల కత్తిపీట దగ్గరనో కూర్చుండి బిగ్గరగా చదువుదురుగాక. తల్లి చేతికి పని ఆగదు, చెవికి సుఖం కలుగుతుంది. పిల్లవాని నాలుక తెలుగు వాక్యానికి అలవాటుపడుతుంది. చదువుతున్నవాడు ఒక మాటకు తడుముకొన్నప్పుడు, ఆ మాట తల్లికి తెలిసి ఉండవచ్చును కూడా. సద్ది సంగతి చూచాము గదా! మన కావ్యాలకు వ్యాఖ్యాతలు విశ్వవిద్యాలయాలలో కొందరున్నారు, అరుగులమీద చాలమంది ఉన్నారు. దానికి బదులుగా ఆ తల్లి, తడిగుడ్డతో రొట్టెను ఏ క్షణంలో అద్దాలో ఆ పిల్లవాని చేయిపట్టి నేర్పితే, ఆ విద్య దుబాయి గదిలోనో, హైదరాబాదు హాస్టలులోనో వానిని ఆకలినుండి కాపాడుతుంది.

తెర ఉండనే ఉంటుంది. దానిని ఆర్పవలసిన పనిలేదు. ఒక వంటకాన్ని చూచినవారు వారానికి ఒక్కసారి దానిని చేసి చూడటం, ఒక కథను విన్నవారు ఒక్కసారి ఆ పుస్తకాన్ని తెరచి చూడటం – ఇంతమాత్రం నియమం పెట్టుకొంటే చాలును. మొదటి రొట్టె పగులుతుంది. మొదటి పుట విసుగు పుట్టిస్తుంది. రెండవది కొంచెం నయం. మూడవనాటికి చేతికీ, కంటికీ, మనస్సుకూ కూడా ఆకలి పుడుతుంది. ఆకలి పుట్టిన ఇంటిలో పొయ్యి ఆరదు, పుస్తకం మూతపడదు.